ఆధారం ఏమిటి?

“ఫ్లమ్మక్స్ మాట ఎక్కడ పుట్టిందో దొరికింది అన్నయ్యా” అని తోడల్లుడితో పచ్చి అబద్ధమాడాడు చిన్నల్లుడు.

మనిషికి దిక్కుతోచకుండా చేయడాన్ని ఇంగ్లిష్‌లో అలా అంటారు. అర్థం అందరికీ తెలుసు. పుట్టుక దగ్గరికొచ్చేసరికి తలపండినవాళ్ళు కూడా ‘సరిగ్గా తెలియదు’ అని చేతులు దులుపుకున్నారు. ఈ ఇద్దరూ పనిచేసే నిఘంటువు ఆఫీసులోనూ అదే రాసుకున్నారు. పెద్దల్లుడు అక్కడ సంపాదకుడు, చిన్నల్లుడు అతనికి సహాయకుడు. ఇంట్లో చిన్నవాడు, ఆఫీసులోనూ చిన్నవాడే.

ఏటా ఒకటే తంతు. చిన్నల్లుడు కళ్ళు పోయేలా చదివి ఏదో ఒక మాట మూలం పట్టుకొస్తాడు. సంవత్సరాంతపు సభలో పెద్దల్లుడు దాన్ని తనదిగా చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాడు. సొమ్మొకడిది, సోకొకడిది. మామగారు ముందు వరుసలో కూర్చుని మురిసిపోయి, “బుర్రంటే మా పెద్దల్లుడిదే” అని ఇంటికొచ్చి చిన్నల్లుడికే చెబుతాడు. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి కడుపు మండిపోయేది.

అందుకే ఈసారి కథ అల్లాడు. పూర్వం ఉన్ని కడిగేవాళ్ళు నీళ్ళలో చిక్కుపడ్డ ఉన్నిని ఆ పేరుతో పిలిచేవారట. కొస దొరక్క తెల్లమొహం వేసేవారట. అందులో వీసమెత్తు నిజం లేదు గానీ, వినడానికి అతికినట్టే ఉంది.

“ఆధారం ఉందా?” అని కళ్ళజోడు తీసి అడిగాడు పెద్దల్లుడు.

“గట్టిదే. తర్వాత చూపిస్తాను.”

పెద్దల్లుడు మళ్ళీ అడగలేదు. అప్పనంగా వచ్చినదాన్ని ఎప్పుడు పరీక్షించాడు గనక!

చిన్నల్లుడు అంతటితో ఆగలేదు. భాషా పండితులందరిలోకీ గండరగండడిని పట్టుబట్టి సభకు పిలిపించాడు. ఎవరైనా తప్పు చెబితే పదిమందిలో ఉతికి ఆరేస్తాడని ఆయనకు పేరు.

సభనాడు చివరి వరుసలో కూర్చుని తనలో తనే నవ్వుకుంటున్న భర్తను చూసి భార్యకు అనుమానం వచ్చింది. ఏమిటి సంగతని అడిగింది.

“ఇవాళ మీ బావగారి పరువు గంగపాలు” అన్నాడు చెవిలో.

వేదిక మీద పెద్దల్లుడు ఉన్ని కథ రక్తి కట్టించాడు. హాలంతా చప్పట్లు మోగాయి. అవి సద్దుమణిగాక పండితుడు తాపీగా లేచాడు.

“బాగుంది. ఆధారం ఏమిటి?”

చిన్నల్లుడి గుండె గంతులేసింది. ఇన్నేళ్ళ కసి ఇక తీరినట్టే. పెద్దల్లుడు నీళ్ళు నములుతాడని ముందుకు వంగి మరీ చూశాడు.

పెద్దల్లుడు నీళ్ళు నమలలేదు. మామగారి వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

“వచ్చే నెల నేను ఈ కుర్చీ దిగిపోతున్నాను. పోయేముందు నిజం చెప్పాలి. ఇన్నేళ్ళూ నేను చెప్పినవన్నీ మా తమ్ముడు కనిపెట్టినవే. నా తర్వాత ఈ కుర్చీ అతనికే ఇమ్మని అడిగాను. ఆ ఆధారం కూడా అతని నోటితోనే వినండి.”

తలలన్నీ చివరి వరుస వైపు తిరిగాయి. మామగారు జీవితంలో మొదటిసారి చిన్నల్లుడి కోసం లేచి, మైకు తనే మోసుకొచ్చి అతని మూతి దగ్గర పెట్టాడు.