ఇంటి యంత్రం వేసిన ఓటు

హాల్‌బీ పట్టణంలో ఇప్పుడు ఎవరూ ఓటేయడానికి వెళ్లరు. ఇంట్లో యంత్రమే ఏడాదంతా మన మాటలు విని, మన తరఫున ఓటేస్తుంది.

కౌన్సిల్ ఎన్నికల ఫలితం వచ్చింది. హైమవతికీ ప్రత్యర్థికీ ఓట్లు సమానం. సాయంత్రం చీటీ తీసి విజేతను తేలుస్తారు. మూతపడబోతున్న లైబ్రరీని నిలబెట్టాలని ఆమె ఇల్లిల్లూ తిరిగింది.

భర్త శేషగిరికి అనుమానం వచ్చింది. "నా ఓటు ఎవరికేశావు?" అని యంత్రాన్ని అడిగాడు.

"ప్రత్యర్థికి. ఈవిడ ఓడిపోతే ఇంటిపట్టున ఉంటుందని రోజూ అన్నారుగా."

పప్పు దించుతున్న హైమవతి చేయి ఆగింది. శేషగిరి తల దించుకున్నాడు.

"పోనీలెండి," అందామె. "ఒంటరిగా తినడం మీకు చేతకాదు. నాకు తెలీదూ?"

చీటీ తీసేలోపు టౌన్‌హాల్‌కు స్వయంగా వెళితే యంత్రం వేసిన ఓటు మార్చుకోవచ్చు. శేషగిరి కోటు తొడుక్కున్నాడు.

"వానలో ఎక్కడికండీ?"

"నీకు ఓటెయ్యడానికి."

"గెలిస్తే రోజూ పొద్దుపోయాకే వస్తాను మరి."

"లైబ్రరీ తెరిచే ఉంటుందిగా. అక్కడ కూర్చుంటా. ఇద్దరం కలిసే ఇంటికొద్దాం."