వరుసలో ఆఖరిది

బాతుల కాలేజీకీ, గోరింకల కాలేజీకీ అసలు పడేది కాదు. బాతులు క్లాసుకు కూడా కవాతు చేస్తూనే వెళ్లేవి. మలుపు తిరిగినప్పుడల్లా వరుసలో ఆఖరిది "వెనక నేనున్నా" అని కేకెయ్యాలి. అది వాటి ఆచారం.

ఆఖరున నడిచేది వరాలు. కొమ్మల మీంచి గోరింకలు అచ్చం దాని గొంతుతోనే "వెనక నేనున్నా" అని వెక్కిరించి పడీపడీ నవ్వేవి. వరాలు మాత్రం మెడ దించేది కాదు.

ఓ సాయంత్రం గాలివానకు ఏరు పొంగింది. రెక్కలు తడిసి ఎగరలేక గోరింకలు నేలమీద చెల్లాచెదురయ్యాయి, కళ్ల ముందు ఏమీ కనబడదు. బాతులు వరుస కట్టి మెరక మీదికి బయల్దేరాయి. మలుపులో వరాలు ఎప్పట్లాగే కేకేసింది. ఆ కేక పట్టుకుని గోరింకలు ఒక్కొక్కటే వచ్చి దాని వెనక చేరాయి.

తర్వాతి మలుపులో వరాలు నోరు తెరిచేలోపే, వెనక నుంచి వణుకుతూ ఓ గోరింక గొంతు వినిపించింది.

"వెనక నేనున్నా."

వరాలు ఛాతీ విరుచుకుంది. తిరిగి చూడకుండానే, "అడుగు కలపవే" అంది.