ఆ చివరి మెట్లు

కె.ఆర్.పురం పీజీ హాస్టల్ వంటింట్లో కూర్చుని వర్షిణి ఫోన్‌లో ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తోంది. ఎదురుగా వంటమనిషి సొన్నమ్మ అనపకాయలు ఒలుస్తోంది.

"ఆదివారం గూడా చదువేనా పాపా?"

"ఆఫీసులో ప్రమోషన్ టెస్ట్ ఉంది అక్కా. ఈ లెసన్ అంతా చాటుమాటు పనుల గురించే. 'స్నీక్ అవుట్' అంటే ఎవరికీ తెలియకుండా జారుకోవడం. 'ఆన్ ది స్లై' అంటే గుట్టుగా చేయడం."

"దొంగపనులకి ఇన్ని మాటలా!" సొన్నమ్మ నవ్వింది. "మరి, ఒకరి కంట పడకుండా దాటుకొని పోయేదాన్ని ఏమంటారు?"

"'స్నీక్ పాస్ట్' అంటారు."

"అయితే రెండు నెలలుగా నేను చేసేది అదే."

"ఎవరి కంట పడకుండా?"

"నీ కంటనే. పొద్దున టిఫిన్ పని అయినాక నేను రైలు స్టేషన్ దాటే కదా ఇంటికి పోయేది. నువ్వు బెంచీ మీద ఒక్కదానివే కూర్చోనుంటావు. మెడలో ఆఫీసు తాడుంటాది, దానికి కార్డుండదు. వచ్చిన రైలేదీ ఎక్కవు."

వర్షిణి ఫోన్‌ను బోర్లా పెట్టింది. తల ఎత్తలేదు.

"నేను చూసినానని తెలిస్తే నీకు నామోషీ అని, నీ బెంచీ పక్క మెట్లు ఇడిసిపెట్టి, దినమూ ప్లాట్‌ఫారం ఆ చివరి మెట్ల దాకా నడిచిపోతా ఉండా," అంది సొన్నమ్మ, గింజలు గిన్నెలో వేస్తూ. "మోకాళ్లు శానా నొస్తా ఉండాయి పాపా. రేపట్నుంచి నీ బెంచీ మీద కాసేపు కూర్చోని పోనా?"