ఎర్రటి బిళ్ళ

బావ ఆఫీసు వాళ్ళు మేడ మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే, మరదలు టెలిస్కోపు ఫిల్టరు రింగుని కాస్త పక్కకి తిప్పేసింది. రింగు సరిగ్గా కుదిరితేనే సూర్యుడి అంచున మంటలు కనబడతాయి. వెంట్రుకవాసి తప్పితే ఉత్త ఎర్రటి బిళ్ళే.

నిరుడు మరదలు తీసిన సూర్యుడి ఫొటోని బావ తన పేరుతో పోటీకి పంపి బహుమతి కొట్టేశాడు. మొగుడే తీశాడనుకుని అక్క మురిసిపోతోంది కదా అని మరదలు నోరు మెదపలేదు గానీ, కడుపు మాత్రం మండుతూనే ఉంది.

బావ కన్ను పెట్టి, "ఎడం పక్క చూడండి సార్, మంటలెలా ఎగిసిపడుతున్నాయో" అన్నాడు.

ఆఫీసరు వంగి చూశాడు. "నాకేం కనబళ్ళేదే. ఎర్రగా ఉందంతే."

"కాస్త సరిచెయ్యండి బావగారూ" అంది మరదలు, ఏమీ ఎరగనట్టు.

బావ చేతికందిన మరలన్నీ తిప్పాడు, రింగు తప్ప. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మరదలికి ప్రాణం లేచొచ్చింది.

"మరి ఆ బహుమతి ఫొటో ఎవరు తీశారోయ్?" అన్నాడు ఆఫీసరు.

కాఫీ పళ్ళెంతో అప్పుడే పైకొచ్చిన అక్క, "మా చెల్లెలండీ" అంది.

మరదలు తెల్లబోయింది. "నీకు తెలుసా అక్కా?"

"మొదట్నించీ తెలుసు. ఇంటి పరువని ఊరుకున్నాను. నువ్వూ ఊరుకుంటావనుకున్నాను" అంది అక్క, పక్కకి తిరిగున్న రింగుని చూస్తూ.

బావ తల వంచుకుంటే చూడాలని ఏడాదిగా కాచుక్కూచున్న మనిషి, ఇప్పుడు ఆయన వైపు చూడనేలేదు. అక్కనే చూస్తూ నిలబడిపోయింది.