తొలి ఊడ్పు

తను రాసిన కొత్త ప్రోగ్రామింగ్ భాషను కంప్యూటర్‌లో నడిపించే రన్‌టైమ్‌ను అక్క ఆ రాత్రి మొదటిసారి నడిపింది. అది తనకు కావలసిన మెమరీ తీసుకుంది. అంకె అంటే ఏమిటో, అక్షరం అంటే ఏమిటో తనకు తానే చెప్పుకుంది. చివరగా, ఎవరూ పట్టించుకోనివాటిని ఏరి ఊడ్చేసే భాగాన్ని నిద్రలేపింది.

"ఎంత ముచ్చటగా లేస్తోందో," అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా.

"నేనొచ్చి ఇంతసేపైంది, ఒక్కసారైనా ఇటు చూశావా? టీ చల్లారిపోతోంది," అన్నాడు వెనక నుంచి తమ్ముడు. "అది నన్నూ ఊడ్చేస్తుందేమో."

ఆమె వినిపించుకోలేదు. ఫ్యాను చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"ఊడ్చినవి: ఒకటి," అని తెర మీద పడింది.

ఇప్పుడే పుట్టినదానికి అప్పుడే ఊడ్చేందుకు ఏం దొరికింది? మురిసిపోతూ ఆమె వెనక్కి తిరిగింది.

బల్ల మీద రెండు కప్పులున్నాయి. ఒకటి సగం తాగి ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది.

తనకెవరూ లేరు కదా, ఇది ఎవరిదబ్బా అనుకుంది అక్క.