ఆదివారం మాత్ర

నరాల మాత్ర మింగితే కాలి మంట ఊరుకుంటుంది, కడుపు ఊరుకోదు. అన్నం చూస్తేనే వాంతికొస్తుంది. అందుకే దర్జీ ఆదివారం మాత్రను మాత్రం మింగకుండా కుట్టుమిషను సొరుగులో, గుండీల మధ్య పడేస్తాడు. ఆ రోజు కూతురు క్యారియర్ తెస్తుంది.

"మందు బాగా పడింది నాన్నా! ఎన్నాళ్లకు కడుపునిండా తింటున్నావో!"

బల్ల కింద కాలు నిప్పుల్లో పెట్టినట్టుంది.

"ఇంకాస్త వెయ్యమ్మా" అన్నాడు.

తిన్నాక, ఊడిన గుండీకి జత వెతుకుతూ ఆమె సొరుగు తెరిచింది. గుండీల మధ్య మాత్రలను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. గుండీ తీసుకోకుండానే మూసేసింది.

మరుసటి ఆదివారం ఖాళీ చేతులతో వచ్చింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది.

"ముందు మాత్ర వేసుకో నాన్నా. ఇవాళ నాకూ ఆకలి లేదు."