మొక్కల మందు

"మెగ్నీషియం సల్ఫేటా? మొక్కలకు కొట్టే మందు నా కూతురికి ఎక్కిస్తారా?" సత్యవేణి నర్సు చెయ్యి పట్టుకుంది. మంచం మీద నిండు గర్భిణి సుజన ఫిట్స్‌తో కొట్టుకుంటోంది.

కడియం నర్సరీలో పాలిపోయిన ఆకుల మీద సత్యవేణి పిచికారీ చేసేది ఆ మెగ్నీషియం ఉప్పు కలిపిన నీళ్లే.

"కూలోళ్లమనేగా ఈ చులకన? మీ ఇంటి ఆడపిల్లకైతే ఇదే పొడుస్తారా?"

నర్సు ఆమె చెయ్యి విదిలించుకుని ఇంజెక్షన్ చేసింది. కాసేపటికి సుజన ఒళ్లు నెమ్మదించింది.

అప్పుడు లేచింది నర్సు గొంతు. "పురిటికని తెచ్చుకున్నారు కదండీ. కాళ్లు ఇంతలా వాచిపోతే ఆసుపత్రికి తీసుకురావాలని తెలీదా? బీపీ ఎంతుందో తెలుసా?"

"నేనేమన్నా చూస్తూ ఊరుకున్నానా?" సత్యవేణి కూడా తగ్గలేదు. "రోజూ వేడినీళ్లలో కాళ్లు పెట్టించానండి. వాపు లాగేస్తుందని నర్సరీ నుంచి ఉప్పు తెచ్చి మరీ కలిపాను."

"ఏం ఉప్పు?"

సత్యవేణి నోరు తెరిచింది. చెప్పాల్సింది ఇందాక తాను అరిచిన పేరే.